షియాన్‌లో ఒక్క రోజు: మట్టి సైన్యం, పగోడా, కోటగోడ ప్రైవేట్ గైడ్‌తో ఎలా చూడాలి

చైనా అంటే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది బీజింగ్, గ్రేట్ వాల్. చూడాల్సినవే, కాదనను. కానీ పాత చైనా కోసం మీ దగ్గర ఒక్క రోజే ఉందంటే మాత్రం నేను షియాన్ వెళ్ళమంటాను. ఒకప్పుడు చైనా రాజధానిగా ఉన్న చాంగాన్ నగరం ఇదే. చైనా మొదటి చక్రవర్తి చిన్ షి హువాంగ్ సమాధికి కాపలాగా గుంటల్లో పాతిపెట్టిన 2,200 ఏళ్ళనాటి సైనికుల బొమ్మలు, అంటే మట్టి సైన్యం, ఊరి నుంచి సుమారు గంట ప్రయాణంలో ఉంది. మన ధాన్యకటకం దాకా వచ్చి వెళ్ళిన చైనా బౌద్ధ భిక్షువు హుయాన్‌త్సాంగ్ తను మోసుకొచ్చిన గ్రంథాలు దాచిన పగోడా ఊళ్ళోనే ఉంది. ఈ రెండూ చూశాక సాయంత్రానికి 600 ఏళ్ళ కోటగోడ మీద సైకిల్ తొక్కొచ్చు.

ఇదంతా ఒక్క రోజులో ఆయాసపడకుండా చూడాలంటే ముందుగా కొన్ని పనులు సరిగ్గా జరగాలి. వరసగా చెబుతాను.

1. గైడ్ అవసరమా, కాదా?

మట్టి సైనికుల మ్యూజియానికి సొంతంగా వెళ్ళడం కష్టమేమీ కాదు. మెట్రో 9వ లైన్‌లో హువాచింగ్ ఛీ స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి బస్సు ఎక్కితే సరిపోతుంది. ఖర్చు చాలా తక్కువ. ఇద్దరు కుర్రాళ్ళు వీపున బ్యాగు తగిలించుకుని వెళ్ళేటట్టయితే ఈ వ్యాసంలో సగం వాళ్ళకి అక్కర్లేదు.

అమ్మానాన్నలు వెంట ఉన్నా, చిన్నపిల్లలున్నా, అక్కడ ఎంబీబీఎస్ చదివే అబ్బాయినో అమ్మాయినో చూడ్డానికి మొదటిసారి చైనా వెళ్తున్నా మాత్రం ప్రైవేట్ గైడ్, కారు పెట్టుకోండి. కారు కోసమని కాదు. గైడ్ లేకపోతే ఆ గుంటల దగ్గర కనిపించేది వేల మట్టి బొమ్మలు, అంతే. ఏది ఎందుకు అలా ఉందో చెప్పే మనిషి పక్కనుంటే అరగంటలో అయిపోయే చోట మూడు గంటలు గడిపినా విసుగనిపించదు. మీరు డబ్బిచ్చేది ఆ మాటలకి. అందుకే గైడ్‌ని ఎంచుకునేటప్పుడు కారు మోడల్ కంటే మనిషి మాట ముఖ్యం.

ఇంకో మాట. అక్కడ చదువుకునే మన పిల్లలు తోడు రావడం మంచిదే, భాష తెలుసు కాబట్టి సగం టెన్షన్ తగ్గుతుంది. గైడ్ పని మాత్రం వాళ్ళ నెత్తిన పెట్టకండి. చైనాలో గైడ్‌లకి పరీక్ష, లైసెన్స్ ఉంటాయి, అదొక వృత్తి.

2. ఏవి చూడాలో కాదు, ఏవి వదిలేయాలో రాసుకోండి

ఏజెన్సీల ప్లాన్లలో ఒకే రోజుకి ఆరేడు పేర్లు కనిపిస్తాయి: మట్టి సైన్యం, హువాచింగ్ రాజభవనం, పగోడా, గంట గోపురం, పెద్ద మసీదు, కోటగోడ, రాత్రికి తాంగ్ డాన్స్ షో. కాగితం మీద బాగుంటుంది. రోజంతా కారులో కూర్చుని, దిగి ఫోటో తీసుకుని మళ్ళీ ఎక్కడమే అవుతుంది.

మట్టి సైన్యం, పగోడా, కోటగోడ చాలు. రాత్రి భోజనానికి ముస్లిం వీధి. హువాచింగ్ రాజభవనం మట్టి సైనికుల మ్యూజియానికి వెళ్ళే దారిలోనే ఉంటుంది కాబట్టి గైడ్ తప్పకుండా అడుగుతారు. తాంగ్ చక్రవర్తి షువాన్‌జోంగ్, యాంగ్ గుయిఫెయ్‌ల ప్రేమకథ జరిగిన వేడినీటి బుగ్గలవి. 1936లో అప్పటి చైనా నాయకుడు చియాంగ్ కై షేక్‌ని సొంత సేనానులే నిర్బంధించింది కూడా అక్కడే. చరిత్ర పిచ్చి ఉన్నవాళ్ళకి బాగుంటుంది, కానీ రెండు గంటలు మింగేస్తుంది. ఆ రెండు గంటలు పగోడాకి ఉంచుకోండి.

3. తేదీ, వీసా

అక్టోబర్ 1 నుంచి వారం రోజుల జాతీయ సెలవులు, మే 1 చుట్టూ ఉండే సెలవులు, చైనా కొత్త సంవత్సరం, ఈ మూడింటిలో వెళ్ళకండి. తిరుమలలో బ్రహ్మోత్సవాల రద్దీ చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. జులై, ఆగస్టుల్లో అక్కడి బడులకి సెలవులు, పైగా ఎండ. ఏప్రిల్, మే రెండో వారం తర్వాత, సెప్టెంబర్, అక్టోబర్ చివర మంచి రోజులు. చలికి తట్టుకుంటామంటే నవంబర్ చివరి నుంచి జనం తక్కువ.

భారతీయ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి ముందుగా వీసా కావాలి. టూరిస్టులకి ఇచ్చేది ‘ఎల్’ వీసా. 240 గంటలు వీసా లేకుండా ఉండొచ్చని యూట్యూబ్‌లో విని ఉంటారు. ఆ దేశాల జాబితాలో ఇండియా లేదు. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకి ఆ వీలుంది, అందుకే ఒకే కుటుంబంలో ఒకరికి ఒక నియమం, ఇంకొకరికి ఒక నియమం అవుతుంది. అందరి పాస్‌పోర్టులూ ముందేసుకుని చూసుకోండి. హైదరాబాద్‌లో చైనా కాన్సులేట్ లేదు కాబట్టి వీసా పనికి కొంచెం ముందే కూర్చోవాలి.

షియాన్‌లో కనీసం రెండు రాత్రులు ఉండేలా ప్లాన్ చేయండి. బీజింగ్ నుంచి హైస్పీడ్ రైలుకి సుమారు నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. పొద్దున్న రైలెక్కి మట్టి సైన్యం చూసి రాత్రికి బీజింగ్ తిరిగొచ్చే ‘ఒక్కరోజు టూర్’లు అమ్ముతారు. అది యాత్ర కాదు, శిక్ష.

4. గైడ్‌తో బేరం: అంతా రాతలో ఉండాలి

ఈ మెట్టు దగ్గర తొందరపడితే రోజంతా పోతుంది. నా సంగతే చెబుతాను. మొదటిసారి అందరికంటే తక్కువ ధర చెప్పినవాళ్ళని పట్టుకున్నాను. పొద్దున్నే కారు తిన్నగా మ్యూజియానికి వెళ్ళకుండా ‘సైనికుల బొమ్మలు తయారుచేసే ఫ్యాక్టరీ’ దగ్గర ఆగింది. పది నిమిషాలు డెమో, గంటసేపు షాపు. జేడ్ గాజులు, పట్టు దుప్పట్లు, మనిషంత ఎత్తు మట్టి సైనికుడు, షిప్పింగ్ కూడా వాళ్ళే చేస్తారట. మేం గుంట దగ్గరికి చేరేసరికి పదకొండయింది, రెయిలింగ్ దగ్గర నాలుగు వరసల జనం. ముందు వరసకి వెళ్ళడానికే మా నాన్నకి కాళ్ళు లాగేశాయి.

తక్కువ ధర వెనకున్న లెక్క ఇదే: మీరివ్వని డబ్బు షాపువాడు కమీషన్‌గా ఇస్తాడు. అసాధ్యమైన చవక ధరకి టూర్ అమ్మి షాపింగ్‌తో రాబట్టుకోవడం 2013 అక్టోబర్ నుంచి అమల్లో ఉన్న చైనా పర్యాటక చట్టం ప్రకారం తప్పు. అయినా జరుగుతూనే ఉంది. కాబట్టి బుక్ చేసే ముందు మెసేజ్‌లో ఇవన్నీ అడిగి, జవాబు రాతలోనే తీసుకోండి.

షాపింగ్ స్టాప్ ఒక్కటి కూడా ఉండదని స్పష్టంగా రాయించుకోండి. ‘ఐచ్ఛికం’ అనే మాట ఒప్పుకోవద్దు. ఫ్యాక్టరీ, వర్క్‌షాప్, టీ రుచి చూడటం, ఇవన్నీ షాపింగ్ కిందే లెక్క. గైడ్‌కి లైసెన్స్ ఉందా, ఇప్పుడు మాట్లాడుతున్న మనిషే ఆ రోజు వస్తారా అడగండి. ఏజెన్సీలో ఇంగ్లీషు బాగా మాట్లాడే ఒకరు చాటింగ్ చేస్తారు, ఆ రోజు వేరే మనిషి వస్తారు. వీలైతే రెండు నిమిషాలు వాయిస్ కాల్ చేయండి. గైడ్ రేటు, కారు, డ్రైవర్, పార్కింగ్, ప్రవేశ టికెట్లు, భోజనం, ఏది ధరలో ఉంది, ఏది లేదు అని విడివిడిగా రాయించుకోండి. ఎన్ని గంటలు, దాటితే గంటకి ఎంత అన్నది కూడా. టిప్ ఇవ్వడం చైనాలో ఆనవాయితీ కాదు. పని నచ్చి ఇస్తే మీ ఇష్టం.

గైడ్‌ని పరీక్షించడానికి నేను వాడే ప్రశ్న ఒకటుంది. గుంటల్లో దొరికిన కంచు కత్తులు అన్ని శతాబ్దాలు తుప్పు పట్టకుండా ఎలా ఉన్నాయని అడగండి. ‘ఆ కాలంలోనే క్రోమియం పూత పూశారు’ అనేది దశాబ్దాలుగా చెప్పుకుంటున్న కథ. 2019లో వచ్చిన పరిశోధన దాన్ని కాదంది: ఆ క్రోమియం పక్కనున్న చెక్క భాగాల మీది లక్క నుంచి అంటింది, ఆయుధాలు బాగా నిలవడానికి అక్కడి మట్టి గుణం, కంచులో తగరం పాలు ఎక్కువ ఉండటం కారణాలు కావచ్చంది. ఈ రెండో మాట చెప్పే గైడ్ దొరికితే వదలకండి. మొదటిది చెప్పినంతమాత్రాన చెడ్డ గైడ్ అని కాదు, చాలాకాలంగా అదే చెబుతున్నారు. ‘నాకు తెలియదు, చూసి చెబుతాను’ అన్నవాళ్ళకి నేనైతే ఇంకో మార్కు ఎక్కువే వేస్తాను.

5. టికెట్లు, మన ఇంటిపేర్ల గొడవ

మ్యూజియం టికెట్ 120 యువాన్లు. ప్రతి మనిషి పాస్‌పోర్ట్ నంబర్ మీద ముందుగా బుక్ చేయాలి. ఈ పని గైడ్‌కే అప్పగించండి. ఇక్కడ మనకి ఒక ప్రత్యేకమైన చిక్కు: చైనా పేర్లు రెండు మూడు అక్షరాల్లో అయిపోతాయి, మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు, తండ్రిపేరు, సొంతపేరు కలిసి వరస నిండిపోతుంది. కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. అందుకని పేరు టైప్ చేసి పంపకండి. పాస్‌పోర్ట్‌లో ఫోటో ఉన్న పేజీని స్పష్టంగా ఫోటో తీసి పంపండి, నంబర్‌లో సున్నాకి బదులు ‘ఓ’ పడకుండా సరిచూడమనండి. బుకింగ్ అయ్యాక స్క్రీన్‌షాట్ అడిగి నంబర్ మీరూ పోల్చి చూసుకోండి.

ఆ రోజు అసలు పాస్‌పోర్ట్ చేతిలో ఉండాలి. జిరాక్స్‌ని నమ్ముకోవద్దు. పిల్లలవి కూడా. ‘హోటల్ లాకర్‌లో భద్రంగా ఉంది’ అని గేటు దగ్గర చెప్పి లాభం లేదు.

6. ఫోను, డబ్బు

గూగుల్, వాట్సాప్, యూట్యూబ్ చైనా నెట్‌లో రావు. మీ ఇండియన్ సిమ్‌కి అంతర్జాతీయ రోమింగ్ ప్యాక్ వేయించుకుంటే మామూలుగా పనిచేస్తాయి. హోటల్ వైఫై మీద మాత్రం పనిచేయవు. గైడ్‌తో మాట్లాడటానికి అక్కడి మెసేజింగ్ యాప్ వీచాట్ కావాలి. దాన్ని ఇంటి దగ్గరే పెట్టుకోండి, ఖాతా తెరవడానికి ఒక్కోసారి ఇప్పటికే వీచాట్ వాడుతున్నవాళ్ళ సాయం అడుగుతుంది.

కొబ్బరిబోండాం బండి దగ్గర కూడా మనకి యూపీఐ అలవాటైపోయినట్టే వాళ్ళకి అలీపే, వీచాట్ పే. మన వీసా, మాస్టర్‌కార్డ్ వాటికి కలుపుకోవచ్చు. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి, అలీపేలో కార్డు చేర్చి, ఓటీపీ వచ్చేదాకా పని ఇక్కడే పూర్తిచేసుకోండి. ఒక్కో చెల్లింపు 200 యువాన్లు దాటితే 3 శాతం అదనంగా పడుతుంది కాబట్టి వీలైతే చిన్న మొత్తాల్లో కట్టండి. కొద్దిగా నగదు జేబులో ఉంచుకోండి.

పవర్ బ్యాంక్ గురించి ఒక మాట: చైనాలో దేశీయ విమానం ఎక్కేటట్టయితే దాని మీద ‘3సీ’ అనే చైనా భద్రతా ప్రమాణ ముద్ర ఉండాలి. 2025 జూన్ 28 నుంచి ముద్ర లేనివాటిని రానివ్వడం లేదు. ఇండియాలో కొన్నవాటి మీద అది సాధారణంగా కనిపించదు.

7. పొద్దున: మట్టి సైన్యం

హోటల్ నుంచి ఏడుంబావుకల్లా కారు కదలాలి. మ్యూజియం ఎనిమిదిన్నరకి తెరుస్తారు. పార్కింగ్ నుంచి గుంటల దాకా నడక ఉంటుంది. పెద్దవాళ్ళుంటే బ్యాటరీ బండి టికెట్ తీసుకోండి.

కొంతమంది గైడ్‌లు చిన్న గుంటలతో మొదలుపెట్టి, పెద్దదాన్ని చివరికి ఉంచుతారు, సినిమా క్లైమాక్స్‌లా. నేను ఒప్పుకోను. జనం పెరగకముందే తిన్నగా 1వ గుంటకి వెళ్ళండి.

ఎదురుగా 230 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పున్న గుంట. 1974 మార్చిలో బావి తవ్వుతున్న రైతులకి మట్టి ముక్కలు తగిలింది ఇక్కడే. లెక్క ప్రకారం ఈ ఒక్క గుంటలోనే 6,000 దాకా బొమ్మలున్నాయి, ఇంకా చాలా భాగం తవ్వలేదు. మూడు గుంటలూ కలిపి 8,000 ఉంటాయని అంచనా. ముందు వరసలు చూసి ఫోటోలు తీసుకుని వెళ్ళిపోకండి, పక్కదారి పట్టుకుని వెనక్కి నడవండి. గుంట వెనక భాగంలో మరమ్మతుల చోటు ఉంది. తల లేని మొండేలు, మెడ దగ్గర నంబర్ చీటీలు, ముక్కలు అతికించి తాళ్ళతో కట్టిన బొమ్మలు. ఈ సైన్యం నిలబడి దొరకలేదు. దాదాపు అన్నీ పగిలిపోయి దొరికాయి, ఒక్కోదాన్ని ముక్కముక్కా అతికించారు. ఇది చూశాకే ముందు వరసల విలువ తెలుస్తుంది.

గైడ్‌ని అడగాల్సినవి కొన్ని. సైనికులు తూర్పు వైపే ఎందుకు చూస్తున్నారు? (ఆ చక్రవర్తి ఏలిన చిన్ రాజ్యం జయించిన రాజ్యాలన్నీ తూర్పునే ఉన్నాయి.) కాళ్ళు గట్టిగా, మొండెం బోలుగా ఎందుకు చేశారు? బొమ్మల మీద చెక్కిన పేర్లెవరివి? అవి కుమ్మరి పనివాళ్ళవి, తేడా వస్తే పట్టుకోవడానికి. నన్నడిగితే ఈ మ్యూజియంలో అన్నిటికంటే మనసుకి తగిలే విషయం ఆ పేర్లే. ఇంకో ప్రశ్న: ఈ సమాధి గురించి ఒక శతాబ్దం తర్వాత వివరంగా రాసిన చరిత్రకారుడు సిమా చియాన్, 7 లక్షల మంది పనివాళ్ళనీ పాదరసం నదులనీ చెప్పి, ఈ మట్టి సైన్యం ఊసే ఎందుకు ఎత్తలేదు?

రంగుల సంగతి కూడా చెప్పించుకోండి. ఇవన్నీ మొదట్లో ఎరుపు, ఆకుపచ్చ, ఊదా రంగులు వేసిన బొమ్మలు. తవ్వి తీయగానే గాలికి రంగు కింద ఉన్న లక్క ఎండి, నిమిషాల్లో ముడుచుకుని ఊడిపోయింది. మిగతాదంతా తొందరపడి తవ్వకపోవడానికి అదొక కారణం.

తర్వాత 3వ గుంట. చిన్నది, సేనాధిపతుల విడిది. అక్కణ్నించి 2వ గుంట. అందులో గుంటకంటే గాజు పెట్టెల్లో పెట్టిన బొమ్మలు ముఖ్యం. మోకాలి మీద కూర్చున్న విలుకాడి చెప్పు అడుగున కుట్లు కూడా కనిపిస్తాయి, వెనక్కి వెళ్ళి చూడండి.

చాలామంది ఇక్కడితో బయటికి నడుస్తారు. అదే టికెట్ మీద, ఉచిత బస్సులో లీషాన్ తోటకి వెళ్ళొచ్చు. చిన్ షి హువాంగ్ సమాధి దిబ్బ అక్కడే. దాన్ని తవ్వలేదు కాబట్టి పైకి చెట్లున్న గుట్టలా ఉంటుంది. కానీ 1980లో దొరికిన రెండు కంచు రథాలు ఇప్పుడు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. అసలు సైజులో సగం, ఒక్కోదానికి నాలుగు గుర్రాలు, 3 వేలకు పైగా భాగాలు. పిల్లలకి మట్టి సైనికులకంటే ఇవే నచ్చుతాయి. ప్లాన్‌లో ఇది ఉందో లేదో బుకింగ్ అప్పుడే అడగండి. గైడ్‌లు సమయం మిగుల్చుకోవడానికి వదిలేసేది దీన్నే.

8. మధ్యాహ్నం: తిండి

మ్యూజియం బయట బఫే భోజనశాలలకి తీసుకెళ్తే తినడానికి ఏదో ఉంటుంది గానీ గుర్తుంచుకునేదేమీ ఉండదు. ఊళ్ళోకి వచ్చి నూడుల్స్ కొట్టులో కూర్చోండి. షియాన్ ఉన్న షాన్‌షీ రాష్ట్రం వాళ్ళకి కారం మీద మనంత ప్రేమ. ‘మిరప కూడా ఒక కూరే’ అని వాళ్ళ సామెత. ఎండుమిరప పొడి మీద సలసల కాగే నూనె పోసి చేసే ఆ కారం చూస్తే గుంటూరు మనిషికి ప్రాణం లేచొస్తుంది. బెల్టంత వెడల్పుండే బియాంగ్‌బియాంగ్ నూడుల్స్ దానితోనే తింటారు.

శాకాహారులు ‘మాంసం వద్దు’ అంటే చాలదు. పైన ముక్కలు తీసేసి, మాంసం ఉడికించిన నీళ్ళలోనే వండి తెస్తారు. ‘వో ఛి సూ’ అంటే నేను శాకాహారిని అని. ఇంకా మంచిది, గైడ్ చేత చైనీస్‌లో ఒక చీటీ రాయించుకోండి: మాంసం, చేప, ఎముకల రసం, పంది కొవ్వు, గుడ్డు, ఏవేవి వద్దో విడివిడిగా. లియాంగ్‌పీ అనే చల్లటి నూడుల్స్ చాలావరకు శాకాహారమే. పచ్చడి సీసా సంచిలో ఉంటే తప్పేం లేదు, ఎవరూ ఏమీ అనరు.

9. మూడు గంటలకి: పగోడా

దాయెన్‌తా, అంటే పెద్ద అడవి బాతు పగోడా. 645లో హుయాన్‌త్సాంగ్ ఇండియా నుంచి 657 గ్రంథాలతో చాంగాన్ చేరాడు. వాటిని భద్రపరచడానికి 652లో కట్టిందే ఇది. మొదట అయిదంతస్తులు, తర్వాత సామ్రాజ్ఞి వూ జెతియాన్ కాలంలో తిరిగి కట్టారు, ఇప్పుడు ఏడు.

స్కూల్లో హుయాన్‌త్సాంగ్ పేరు చదివి మర్చిపోయినవాళ్ళం కదా మనం. ఆయన ఆంధ్రదేశానికి వచ్చాడు, ధాన్యకటకంలో, అంటే నేటి అమరావతి ప్రాంతంలో, కొన్ని నెలలుండి అక్కడి భిక్షువుల దగ్గర అభిధర్మం, అంటే బౌద్ధ తత్వశాస్త్రం, చదువుకున్నాడు. తిరిగి వెళ్ళాక మిగతా జీవితమంతా అనువాదాల్లోనే గడిపి 664లో చనిపోయాడు. ఈ సంగతి గైడ్‌కి మీరే చెప్పండి. షియాన్ గైడ్‌లు నలందా గురించి గడగడా చెబుతారు, కృష్ణా తీరం గురించి మాత్రం చాలామంది వినలేదు. మా గైడ్ ఫోన్‌లో మ్యాప్ తెరిచి అమరావతి ఎక్కడో చూపించమంది. ఆ పావుగంట ఆవిడే మమ్మల్ని ప్రశ్నలడిగింది.

పగోడా పైకి ఎక్కడానికి వేరే టికెట్. లోపల మెట్లు ఇరుకు, పైన చిన్న కిటికీలు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఎక్కకపోయినా నష్టం లేదు. కింద దక్షిణ ద్వారానికి రెండు పక్కలా గూళ్ళలో ఉన్న శిలాఫలకాలు మాత్రం చూడకుండా రావద్దు. హుయాన్‌త్సాంగ్ అనువాదాలకి ఇద్దరు చక్రవర్తులు, తండ్రీ కొడుకులు, రాసిన ముందుమాటలవి.

10. సాయంత్రం: కోటగోడ, తర్వాత లెక్కలు

దక్షిణ ద్వారం యోంగ్‌నింగ్ దగ్గర ఎక్కండి. మింగ్ వంశం మొదటి చక్రవర్తి కాలంలో 1370లలో కట్టిన గోడ, చుట్టూ 13.7 కిలోమీటర్లు, 12 మీటర్ల ఎత్తు. పైన రెండు లారీలు పక్కపక్కన పోయేంత వెడల్పు. టికెట్ 54 యువాన్లు, సైకిల్ అద్దె వేరు. ఇద్దరు తొక్కే సైకిళ్ళు కూడా ఉంటాయి. ఇటుకల మీద కుదుపులు ఎక్కువ, పూర్తి చుట్టు తిరగడానికి రెండు గంటలు వేసుకోండి. సగం తొక్కి వేరే ద్వారం దగ్గర సైకిల్ ఇచ్చేయొచ్చు, కారుని అక్కడికి రమ్మనండి. వాన పడితే సైకిళ్ళు ఇవ్వరు.

సూర్యాస్తమయం లెక్క చూసుకోండి. దేశమంతటికీ బీజింగ్ టైమే కాబట్టి జూన్‌లో ఇక్కడ ఎనిమిది దాకా వెలుగుంటుంది, డిసెంబర్‌లో అయిదున్నరకే చీకటి. చలికాలమైతే పగోడా కొంచెం తగ్గించుకుని ముందే గోడెక్కండి.

నేనైతే గైడ్‌ని గోడ దగ్గరే పంపించేస్తాను. అక్కడి నుంచి ముస్లిం వీధికి వెళ్ళడానికి గైడ్ అక్కర్లేదు, పదిగంటల పని చేసిన మనిషికి ఇల్లు ఉంటుంది. వెళ్ళేముందు మాత్రం మూడు పనులు చేయించుకోండి: మిగిలిన డబ్బు రాసుకున్న లెక్క ప్రకారమే కట్టి వీచాట్‌లో రసీదు తీసుకోవడం, హోటల్ పేరు, అడ్రస్ చైనీస్‌లో మీ ఫోన్‌కి పంపించుకోవడం, పొద్దున గేటు దగ్గర గైడ్ చేతికిచ్చిన పాస్‌పోర్టులన్నీ తిరిగొచ్చాయో లేదో అక్కడే లెక్కపెట్టుకోవడం.